కర్ర తడితేనే బొమ్మ

మా నాయన నోరు మూసుకుని బొమ్మ చూసే మనిషి కాదు. బొమ్మంటే సినిమా ఒక్కటే అనుకునేరు. తెర మీద ఏ వెలుగు పడినా సరే, పక్కన నిలబడి అదేమిటో జనానికి చెప్పాల్సిందే. చెప్పకపోతే ఆ రాత్రి ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆయన మెదక్‌లో మిషన్ బడి పంతులు. నిజాం కాలంలో, ఇంకా మీసాలు సరిగా రాని రోజుల్లోనే, మిషన్ తెల్లదొరల వెంట మ్యాజిక్ లాంతరు పట్టుకుని ఊళ్ళు తిరిగాడు. గాజు పలకల మీద రంగుల బొమ్మలు, వాటి వెనక కిరసనాయిలు దీపం, ఎదురుగా కట్టిన తెల్లదుప్పటి. ఇంతే సరంజామా. దొరకు తెలుగు వచ్చేదిగానీ, ఆ తెలుగు దొరకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. అందుకని నాయన పొడుగాటి వెదురుకర్రతో దుప్పటి మీద చూపిస్తూ కథంతా తానే చెప్పేవాడు. ఒక పలక కథ అయిపోగానే కర్రతో నేల మీద ఠక్కున తట్టేవాడు. లాంతరు దగ్గరున్న మనిషి అది విని ఇంకో పలక పెట్టేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో లాంతరు పోయి సర్కారువారి ప్రచారం బండి వచ్చింది. సాయంత్రం చీకటి పడగానే మైదానంలో తెర కట్టి రీళ్ళు వేసేవాళ్ళు. టీకాలు, ఆనకట్టలు, పెంటగుంతలు, మంత్రిగారి పర్యటనలు. రీలేమో హిందీలో మాట్లాడేది, లేకపోతే ఇంగ్లీషులో. బండివాళ్ళు దిక్కుతోచక నాయనను పిలిచారు. ఆయన కర్రతో సహా వెళ్ళాడు. కదిలే బొమ్మకు పలకలు మార్చే పని లేదు, తట్టాల్సిన అవసరమూ లేదు. అయినా చేయి ఊరుకోదు కదా. ప్రతి రీలు ముందూ ఒకసారి ఠక్కుమని తట్టేవాడు.

ఆ తట్టుడు మా ఊరికి అలవాటైపోయింది. కర్ర చప్పుడు వినపడిందంటే బొమ్మ మొదలైందని లెక్క. అప్పుడు చుట్టలు ఆర్పేవాళ్ళు, పిల్లలను ఒళ్ళోకి లాక్కునేవాళ్ళు, గొడవపడుతున్న తోటికోడళ్ళు కూడా నోరు కట్టేసేవాళ్ళు. దానికి ముందు తెర మీద ఏం కనపడ్డా పట్టించుకునేవాళ్ళు కాదు. బొమ్మల మిషన్ సాఫ్ చేసుకుంటున్నారని అనుకుని కబుర్లలో పడేవాళ్ళు.

ఇక ఆయన చెప్పే తీరు! ఆనకట్ట రీలులో టోపీ పెట్టుకున్న ఇంజనీరు కనిపించాడనుకోండి, "ఈయన ఆ ఇంటికి పెద్దల్లుడు. మామ మీద అలిగి వచ్చిండు" అనేవాడు. అంతే, ఆ అలక తీరేదాకా ఒక్కరు కదిలితే ఒట్టు. ఆనకట్ట ఎంత పొడవో ఎవరికీ గుర్తుండేది కాదుగానీ, పెద్దల్లుడు మామతో మళ్ళీ మాట్లాడాడన్న సంగతి మాత్రం మర్నాడు బజారంతా చెప్పుకునేవాళ్ళు. టీకాల రీలు వేసిన మర్నాడు దవాఖాన ముందు జనం వరస కట్టారంటే అది కూడా నాయన చలవే. సూది గుచ్చే నర్సమ్మను ఆయన అంత మంచి కోడలిగా చెప్పాడు మరి.

నేను ఆ తెర ముందు, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని పెరిగాను. ఊరందరికీ ఆయన మాటలు తేనె, నాకు మాత్రం ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ దిగలేదు. తెర మీద ఏనుగు వస్తే ఆయన "ఏనుగు" అనేవాడు. కనపడుతూనే ఉంది కదా, మళ్ళీ చెప్పడమెందుకు? నేను దాని తోకను చూస్తుంటే ఆయన కర్ర దాని తొండం మీదికి పోయేది, నా చూపును కూడా ఈడ్చుకుపోయేది. పెద్దదాన్నయ్యేదాకా ఒక్క బొమ్మను కూడా నా అంతట నేను చూసింది లేదు.

కొన్నేళ్ళకు రీళ్ళకు తెలుగు వచ్చింది. ఒక సాయంత్రం నాయన మామూలుగా కర్ర పట్టుకుని వెళితే బండి ఆపరేటరు కుర్చీ వేసి, "ఇగ మీకు తిప్పల లేదు సారూ. అదే మాట్లాడతది, మీరు నిమ్మలంగ కూసోండ్రి" అన్నాడు. పాపం మర్యాదకే అన్నాడు. నాయన ఆ కుర్చీలో కూర్చోకుండా ఇంటికి వచ్చేశాడు. అప్పటికే బడి ఉద్యోగం కూడా విరమించాడు. చెప్పడానికి తెర లేక, ఇంట్లో ఉన్నవన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. పాలు పొంగుతుంటే "పాలు పొంగుతున్నయి" అనేవాడు. కూరలో ఉప్పు ఎందుకు తక్కువైందో అమ్మకే వివరించేవాడు.

"ఒండింది నేను. నాకే చెప్తవా?" అని అమ్మ గరిటె చూపించేది.

ఆ రోజుల్లోనే నేను డ్రాయింగు టీచరు శిక్షణకు హైదరాబాదు వెళ్ళాను. ఒక ఆదివారం, తోటి విద్యార్థినులు ఏదో ఫిలిం సంఘంవాళ్ళు బొమ్మలు వేస్తున్నారంటే పోయాం. చిన్న గది, ఇనప కుర్చీలు, కిర్రుమనే ప్రొజెక్టరు. పాటలూ ఫైటింగులూ ఉంటాయని వెళితే, తెర మీద ఒక గీత వచ్చింది. ఒట్టి గీత. అది వణికింది, రెండైంది, విడిపోయింది, మళ్ళీ దగ్గరికి వచ్చింది. తర్వాత చుక్కలు. తర్వాత రంగులు ఒకదాని మీద ఒకటి ఒలికిపోవడం. కథ లేదు, మనుషులు లేరు. ఏ కంపెనీ తీసినవీ కావట. దేశదేశాల్లో ఎవరికి వారు ఇంట్లో కూర్చుని తయారుచేసుకున్న చిట్టి చిట్టి బొమ్మలట. కొన్నింటికి కెమెరా కూడా వాడలేదట, రీలు మీదే సూదితో గీకి, రంగులు పూశారట.

నా పక్కనున్న అమ్మాయి ఆవలిస్తూనే ఉంది. నాకు మాత్రం ఊపిరాడలేదు. ఆ గీత రెండుగా చీలినప్పుడు ఎందుకో ఏడుపు వచ్చింది. ఇది ఏనుగు, ఇది తొండం అని చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. నా జన్మలో మొదటిసారి ఒక బొమ్మను నేనే చూశాను. అబ్బ, ఎంత బాగుందో. ఇలాంటిది ఒక్కటి చేయాలి, మా ఊళ్ళో వేయాలి, ఎవరూ నోరెత్తకుండా మా వాళ్ళు దాన్ని చూడాలి అని అక్కడే అనుకున్నాను. ఆ కోరిక అన్నం తింటున్నా, నిద్రపోతున్నా నన్ను వదల్లేదు.

ఆ సంఘాన్ని నడిపేది ఒక లెక్చరరు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి హైదరాబాదులో కుదురుకున్నాడు. సన్నటి మనిషి, బారెడు గడ్డం, మాటకొకసారి "అండీ". నేను పోయి ఇది ఎలా చేస్తారని అడిగితే, పాత రీలు ముక్క ఒకటి చేతిలో పెట్టి, "సూది ఉందా అండీ ఇంట్లో? ఓపిక ఉందా? అయితే చాలండీ" అన్నాడు. సూది ఉంది. ఓపికే మా వంశంలో లేదు.

మెదక్ వచ్చి ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా చేరాను. ప్రచారం బండి ఆపరేటరుకు నాయనంటే గౌరవం కాబట్టి, తెగిపోయిన రీలు ముక్కలన్నీ నాకు తెచ్చిచ్చేవాడు. నల్లగా ఉన్న ముక్కల మీద సూదితో గీకాను. బొమ్మలున్న ముక్కలను బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో నానబెట్టి, అవి తేటగా అయ్యాక సిరాతో చుక్కలు పెట్టాను. నానబెట్టింది అమ్మ పప్పు వండే గంజులో. మంత్రులూ ఆనకట్టలూ కరిగి ఆ గంజు అడుక్కు చేరారు. అమ్మ చూసి నా వీపు విమానం మోత మోగించినంత పని చేసింది.

"పప్పు గంజుల గీ మురికేంది? ఇంకోసారి ముట్టినవంటే చూడు నీ సంగతి" అని ఆ గంజును కోళ్ళకు నీళ్ళు పెట్టడానికి కేటాయించింది.

మొదట్లో నాకేమీ తెలియదు. రీలు మీద ఒక్క బొమ్మ పట్టే వేలిగోరంత గడిలో పూర్తి మామిడిపండు వేశాను, ముచ్చికతో సహా. పూట పట్టింది. లెక్చరరుగారి దగ్గరికి తీసుకువెళ్ళి మిషన్‌లో వేయిస్తే అది వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు. కన్నుమూసి తెరిచేలోపు బోలెడు గడులు దొర్లిపోతాయని అప్పుడు తెలిసింది. తిక్క పుట్టి మామిడిపండును వదిలేసి గీతల్లోకి దిగాను. ఎండాకాలం సెలవులంతా వసారాలో గాజుపలక మీద రీలు పెట్టుకుని గీకుతూ కూర్చున్నాను. ఏం గీస్తున్నానో నాకే తెలియదు. చేయి ఎటు పోతే అటు. గీత పలచబడితే బాధ వేసేది, చిక్కబడితే ధైర్యం వచ్చేది. అంతకుమించి ఆలోచించలేదు.

నాయన ఒకటి రెండుసార్లు ముక్కను ఎండకు పెట్టి చూశాడు. "చీమలు పాకినట్టున్నది బిడ్డా. ఏంది గిది?" అన్నాడు. నేను లాక్కున్నాను.

సెలవులు అయ్యాక నా బొమ్మను లెక్చరరుగారు వేసి చూశాడు. రెండు నిమిషాలు ఉంటుందేమో. చూశాక రీలు విప్పి కిటికీ వెలుగుకు పట్టి మళ్ళీ చూశాడు. తర్వాత, "మీ ఊళ్ళో వేద్దామండీ. పెట్టె నేనే మోసుకొస్తాను. ఇవి హైదరాబాదులో మా పదిమందికే చూపిస్తే ఏం లాభం? కాకపోతే ఒక్కటండీ. మధ్యలో ఎవరూ ఏమీ చెప్పకూడదు. చూసేవాళ్ళను చూడనివ్వాలి" అన్నాడు. నా నోట్లోని మాట ఆయన నోటి నుంచి వచ్చింది. సంతోషంతో బస్సెక్కాను. నర్సాపూరు దాటుతుండగా నాయన గుర్తొచ్చాడు.

హెడ్‌మిస్ట్రెస్ గారు శనివారం మధ్యాహ్నం బడి హాలు ఇస్తానన్నారు. ఇక నాయనకు చెప్పక తప్పలేదు.

"నాయినా, శనివారం మా బడిల బొమ్మలు ఏస్తున్నరు."

ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "ఏం భాష?"

"భాష లేదు."

"భాషనే లేదా?" ఆయన మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. "అయితే చెప్పాల్నే గద."

"అదే వద్దంటున్న. ఎవరు ఏం చెప్పొద్దు. దాంట్ల నేను చేసింది గూడ ఉన్నది. జనం దాన్ని ఊరికే చూడాలె."

"ఊరికే చూస్తే ఏం సమజైతది బిడ్డా?"

"సమజ్ గాకున్నా మంచిదే. నువ్వు మాత్రం నోరు తెరువద్దు. జిందగీల ఒక్కపారి నోరు తెరువకుండ కూసో."

అన్నాక ఎక్కువన్నాననిపించింది. ఆయన కాసేపు తన చేతులవైపు చూసుకున్నాడు. "సరే. నీ బొమ్మ, నీ ఇష్టం. తెరువను" అని వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. అమ్మ నన్ను మింగేసేలా చూసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

శనివారం పొద్దున్నే హైదరాబాదు బస్సు టాపు మీద నుంచి ప్రొజెక్టరు, రేకుడబ్బాలు, వాటితోపాటు దుమ్ముకొట్టుకుపోయిన లెక్చరరుగారు దిగారు. ఆయన టాపు మీద కూర్చుని వచ్చాడట, పెట్టె కింద పడుతుందేమోనని భయం. హాలు కిటికీలకు ఇంటింటి నుంచి అడిగి తెచ్చిన గొంగళ్ళు కట్టాం. మధ్యాహ్నానికల్లా హాలు కిక్కిరిసింది. చర్చి వాడల నుంచి, బజారు నుంచి, దవాఖాన నుంచి వచ్చారు. నా బొమ్మల కోసం ఎవరూ రాలేదని నాకు తెలుసు. సారు మళ్ళీ బొమ్మలు చెబుతున్నాడని ఊళ్ళో పాకిపోయింది. ఆ సారేమో ముందు బెంచీ మీద, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కర్ర బెంచీ కింద ఉంది. అది లేకుండా ఇంట్లోంచి కాలు బయటపెట్టలేకపోయాడట.

లెక్చరరుగారు దీపాలార్పి మొదటి బొమ్మ వేశాడు. ఎర్రగీత ఒకటి, నీలిగీత ఒకటి, తెరంతా పరుగులు. హాల్లో మాత్రం కబుర్లు ఆగలేదు. ఎవరి కూతురికి ఏ సంబంధం వచ్చిందో, తూప్రాన్‌లో ఎడ్ల ధర ఎంత పలికిందో, అన్నీ వినపడుతున్నాయి.

"ఏమిటండీ ఇది, ఒక్కరూ చూడట్లేదు?" అన్నాడు లెక్చరరుగారు నా చెవిలో. వెనక నుంచి ఒకాయన జాలిపడి, "సారూ, అద్దం జర తుడువుండ్రి, గీతలు వడుతున్నయి" అని సలహా ఇచ్చాడు.

బొమ్మ అయిపోయింది. ఎవరో తృప్తిగా, "మిషన్ సాఫైనట్టున్నది. ఇగ షురు చెయ్యిండ్రి" అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. కర్ర చప్పుడు కాలేదు, కాబట్టి బొమ్మ ఇంకా మొదలుకాలేదు. నా తలకాయ! వీళ్ళ మధ్యే పుట్టి పెరిగి ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. రెండో బొమ్మ కూడా అలాగే కబుర్లలో కొట్టుకుపోయింది. బర్రెలు పిండే వేళవుతోందని వెనక వరసల్లో లేవడం మొదలైంది. నాది అన్నిటికంటే ఆఖరిది. ఇలాగే సాగితే దాన్ని బెంచీలకు చూపించాలి. వంగి వంగి నాయన దగ్గరికి వెళ్ళాను.

"నాయినా, జర కర్ర తట్టు."

"నోరు తెరువద్దంటివి గద."

"నోరు తెరువకు. కర్ర ఒక్కటే తట్టు."

"ఉత్తగ తట్టుడు నాతోని కాదు బిడ్డా. తట్టినంక నోరు ఆగది. నాకు ఎరుకే."

"నీకు దండం పెడ్త. జనం పోతున్నరు."

ఆయన వంగి కర్ర తీశాడు. తెర పక్కన నిలబడి ఠక్కున తట్టాడు. హాలంతా ఒక్క క్షణంలో సద్దుమణిగింది. గుమ్మం దాకా పోయినవాళ్ళు గబగబా వెనక్కి వచ్చి, దొరికిన చోట కూలబడ్డారు.

మూడో బొమ్మలో పసుపుపచ్చ చుక్కలు గుంపుగా వచ్చాయి, వాటి మధ్యలో నల్లచుక్క ఒకటి. నాయన పెదాలు బిగించుకుని నిలబడ్డాడు. గొంతు మాత్రం కిందికీ పైకీ ఆడుతోంది. పాపం ఎంతసేపు ఆపుకోగలడు? "ఈ నల్లాయన ఉన్నడే," అనేశాడు, "పిలువని పెండ్లికి వచ్చిండు."

ఇంకేముంది. పసుపు చుక్కలన్నీ పెళ్ళికూతురి తరఫువాళ్ళు. నల్లాయన పంక్తిలో కూర్చోబోతే పక్కకు జరిగిపోతున్నారు. నాయన కర్ర ఆయన వెంటపడింది, కర్ర నీడ తెర మీద పడింది, చుక్కలు ఇటు పోతే కర్ర అటు, కర్ర ఇటు వస్తే చుక్కలు అటు. కర్రకు భయపడే అవి ఉరుకుతున్నాయని పిల్లలు కేకలు. ఆఖరికి నల్లచుక్క ఒక్కటే తెర అంచుకు పోయి మాయమైంది. నాయన గొంతు తగ్గించి, "పాపం, అన్నం తినకుండనే పోయిండు" అన్నాడు. దవాఖానలో పనిచేసే ముసలి ఆయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

లెక్చరరుగారు నా దగ్గరికి వచ్చాడు. "మనం అనుకున్నదేమిటండీ, జరుగుతున్నదేమిటండీ?" అన్నాడు. నేనేదో కసురుకునేదాన్నే. ఇంతలో "అన్నం తినకుండానే పోయాడుటండీ" అంటూ తనే నవ్వుకుంటూ మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ప్రతి రీలుకూ ఆయన చేయి మీట మీద పెట్టుకుని, కర్ర చప్పుడు కోసం ఆగడం నేను కళ్ళారా చూశాను.

నా బొమ్మ వంతు వచ్చింది. ఇప్పటికి జనం కథలు మరిగారు, నాయన మాటలు మరిగాడు. ఇంత ఊపులో ఉన్న మనిషిని ఎవరు ఆపగలరు? నా గీతలను కూడా ఏ పెద్దల్లుడినో చేసి పెడతాడని భయపడ్డాను.

నాయన చీకట్లో నా కోసం వెతికాడు. కనపడ్డానో లేదో తెలియదు. జనంవైపు తిరిగి, "ఇది నా బిడ్డ చేసింది. దీనికి మాటల్లేవు. ఊరికే చూడుండ్రి" అన్నాడు. ఠక్కున తట్టి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

నల్లటి తెర మీద నా గీత వచ్చింది. ఎంత సన్నగా ఉందో. సూదితో గీకినప్పుడు వేలిగోరంత ఉండేది, ఇప్పుడు గోడంత పొడుగుంది. అది వణుకుతూ పైకి లేచింది, ఒంగింది, పగుళ్ళిచ్చింది. పక్కల నుంచి చిన్న చిన్న గీట్లు రాలడం మొదలైంది. హాల్లో దగ్గు కూడా వినపడలేదు. మా బజారు, మా దవాఖాన, మా చర్చి వాడలు, అందరి మొహాలూ పైకెత్తి ఉన్నాయి. నేను కోరుకున్నది అచ్చంగా అదే. నా కళ్ళ ముందే జరుగుతోంది.

అప్పుడు ఆయమ్మ నావైపు తిరిగి మెల్లగా, "గిదేంది బిడ్డా?" అంది.

వెక్కిరింపు కాదు. పసిపిల్లకు జ్వరమొస్తే ఎట్లున్నదని అడుగుతారే, అలా అడిగింది. ఆమెతోపాటు మొహాలన్నీ నావైపు తిరిగాయి. నేను ఊరుకుంటే చాలు. వేలు పెదవి మీద పెట్టి తెర చూపించినా చాలు. ఏమీ కాదని చెప్పడానికి నోరు రాలేదు, తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. లేచి నిలబడ్డాను.

"ఇది వాగు," అన్నాను.

ఆ గొంతు నాది కాదు, అచ్చం నాయనది. "అగో, పైన వాన షురువైంది. ఇవి చేపపిల్లలు. కొత్తనీళ్ళకు ఎదురెక్కుతున్నయి. చూడుండ్రి, ఒకటి ఎనుకకు పడ్డది." ఎక్కడి నుంచి వచ్చాయో ఆ మాటలు, ధారగా వచ్చాయి. ఎనుకబడ్డ చేపపిల్లకు ఒక అక్కను కూడా పెట్టాను. అక్క ఆగింది, చెల్లె అందుకుంది, ఇద్దరూ గట్టెక్కారు, బొమ్మ తెల్లబారి ముగిసింది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

జనం పోతూ పోతూ నా భుజం తట్టారు. "సారు బిడ్డ అనిపించినవ్" అన్నారు. "నీ చేపలు మస్తుగున్నయి" అంది ఆయమ్మ. అందరూ వెళ్ళిపోయారు. లెక్చరరుగారు రీలు వెనక్కి చుడుతూ, "చేపలని నాతో చెప్పనే లేదేమండీ?" అన్నాడు.

"నాకు మాత్రం తెలుసా?" అని కసిరాను. కసిరాకగానీ జరిగింది మనసుకెక్కలేదు. ఇక ఈ ఊళ్ళో ఎవరికీ నా గీతలు కనపడవు. అందరికీ చేపలే. ఎండాకాలమంతా కళ్ళు పోగొట్టుకుని చేసిన బొమ్మను నేనే నా నోటితో కప్పేశాను. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది, అదీ నా మీదే. బెంచీ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. లెక్చరరుగారు ఏం చేయాలో తోచక డబ్బాలు సర్దాడు.

నాయన ఇంకా ముందు బెంచీ మీదే ఉన్నాడు. నా ఏడుపు తగ్గేదాకా ఆగి, ఇటు తిరిగాడు. "బిడ్డా, నేను నీ బొమ్మ చూడనే లేదు."

"ముందర్నే కూసున్నవ్ గద."

"కూసున్న. నువ్వు మాట్లాడుతుంటివి. నీ మాట ఇనాల్నా, బొమ్మ చూడాల్నా? నువ్వు చేప అంటె చేపనే దేవులాడితి. అది దొరకకపాయె, అంతల్నె బొమ్మ ఒడిసిపాయె." ఆయన లెక్చరరుగారివైపు చూశాడు. "సారూ, బస్సుకు టైముంటె ఒక్కపారి మళ్ళ ఎయ్యిండ్రి. ఈపారి ఆమె సప్పుడు చెయ్యది."

లెక్చరరుగారు గడియారం చూసుకున్నాడు. టైము లేదని మొహంలో తెలుస్తూనే ఉంది. అయినా కట్టేసిన డబ్బా విప్పి రీలు ఎక్కించాడు. తలుపులు దగ్గరగా వేశాను.

ఎవరూ కర్ర తట్టలేదు. నేను తెర చూడలేదు, నాయననే చూశాను. ఆ వెలుగు ఆయన మొహం మీద పడుతూ పోతూ ఉంది. మధ్యలో ఒకసారి నోరు తెరిచాడు, తెరిచినట్టే మూశాడు. తర్వాత ముందుకు ఒంగాడు, దూరంగా బాట మీద వస్తున్నది ఎవరో పోల్చుకుంటున్నవాడిలాగా. రీలు అయిపోయి, తోక చక్రానికి టపటపా కొట్టుకుంటున్నా అలాగే ఉన్నాడు.

"దాంట్ల చేపలెక్కడున్నయి?" అన్నాడు. "ఒక్క చేప లేదు."

"లేవు నాయినా."

"మరి గట్లెందుకు చెప్పినవ్?"

"నువ్వు చెప్పలేదా ఇన్నేండ్లు?"

"చెప్పిన," అన్నాడు. కోపం లేదు ఆ మాటలో.

లెక్చరరుగారికి ఉండబట్టలేదు. "మరి మీకేం కనపడిందండీ, మాస్టారూ?"

నేను ఏడుపు మరిచిపోయి ఆయన నోటివైపు చూశాను. ఆయన మాట్లాడాలని నేను అంతగా కోరుకున్నది అదొక్కసారే. నాయన ఇంకా తెల్లటి తెరవైపే చూస్తున్నాడు. చెయ్యి కొంచెం లేచి, మళ్ళీ ఒళ్ళో పడింది.

"చెప్తే పోతది సారూ" అన్నాడు. అని, బెంచీ ఎక్కి కిటికీకి కట్టిన గొంగడి విప్పడం మొదలుపెట్టాడు.